180 డిగ్రీల తప్పు

మొన్న మా హేతువాద సంఘం సమావేశం అయిపోయాక అందరం టీ తాగుతూ నిలబడ్డాం. కొత్తగా చేరిన ఒక కుర్రవాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నన్నడిగాడు: "అంకుల్, మీరు మాటిమాటికీ డిస్ట్రిబ్యూటర్, డిస్ట్రిబ్యూటర్ అంటారు. సినిమా డిస్ట్రిబ్యూటరా?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పాపం అతని తప్పేం లేదు. ఇప్పటి కార్లలో ఆ వస్తువే లేదు. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు పోయింది. ఎందుకంటే నా హేతువాదంలో ఒక మచ్చ ఆ వస్తువు దగ్గరే ఉంది. ఇన్నేళ్ళుగా బాబాల మీద, వాస్తు మీద, జాతకాల మీద రాస్తూ వచ్చాను గానీ ఇది రాయలేదు. ఇవాళ రాస్తాను. కానీ ముందు ఆ వస్తువేమిటో, ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పకపోతే నేను చేసిన పని మీకు అర్థం కాదు. కాస్త ఓపిక పట్టండి.

పెట్రోలు ఇంజన్లో ఒక్కొక్క పిస్టన్ నాలుగు పనులు వరసగా చేస్తుంది. గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమాన్ని లోపలికి పీల్చుకుంటుంది. దాన్ని నొక్కుతుంది. అది మండి పిస్టన్ని కిందికి తోస్తుంది. చివరికి పొగని బయటికి నెట్టేస్తుంది. ఈ నాలుగు పనులూ పూర్తయ్యేసరికి క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరుగుతుంది. ఈ "రెండు చుట్లు" అన్నమాట గుర్తుంచుకోండి, కథంతా దానిమీదే ఉంది.

మిశ్రమాన్ని బాగా నొక్కిన ఆ క్షణంలో, నిజానికి పిస్టన్ పైకొచ్చేకంటే ఒక్క వెంట్రుకవాసి ముందు, ప్లగ్గులో నిప్పురవ్వ పడాలి. ముందే పడితే ఇంజను ఎదురుతన్నుతుంది. ఆలస్యంగా పడితే బలం పోతుంది. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే సెకనుకి 100 రవ్వలు కావాలి. ప్రతి రవ్వా తన సిలిండర్లోనే, తన వేళకే పడాలి. అంబాసిడర్‌లో ఆ వరస 1-3-4-2. కాయిల్లో పుట్టిన వేల వోల్టుల కరెంటుని ఈ వరసలో, ఈ వేళకి పంచిపెట్టేదే డిస్ట్రిబ్యూటర్. లోపల రోటర్ అనే చిన్న బేకలైటు ముక్క తిరుగుతుంటుంది. దానిమీద నాలుగు వైర్లున్న టోపీ. రోటర్ కింద తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే పాయింట్లు. పాయింట్లు విడిపోయిన క్షణాన రవ్వ పుడుతుంది.

అంటే ముహూర్తం పెట్టేది అన్నమాట. జీవితంలో ముహూర్తాల్ని నమ్మని నేను ఒప్పుకునే ముహూర్తం ఇదొక్కటే. దీనికో సుగుణం ఉంది. తప్పు ముహూర్తం పెడితే ఇంజను అప్పటికప్పుడే చెప్పేస్తుంది. పెళ్ళిళ్ళకి పెట్టిన ముహూర్తం తప్పిందని ఎవరూ పంతులుగారి దగ్గరికి వెళ్ళి దక్షిణ వెనక్కి అడగరు కదా!

ఈ వేళని ఎవరు నిర్ణయించాలన్నదే మొదటి కార్లవాళ్ళకి పెద్ద చిక్కు. 1860లో లెన్వా చేసిన గ్యాస్ ఇంజన్లో కాయిల్ రవ్వ ఉండేది. 1883లో డైమ్లర్ దాన్ని వదిలేసి, సిలిండర్‌కి ఒక సన్నటి గొట్టం బిగించి, దాన్ని బయటినుంచి మంటతో ఎర్రగా కాల్చే పద్ధతి పెట్టాడు. మిశ్రమం నొక్కుకుపోయి ఆ ఎర్రటి గొట్టంలోకి చేరినప్పుడు అంటుకుంటుంది. ఎప్పుడు అంటుకోవాలన్నది దాదాపు దాని ఇష్టం. పెట్రోలు బండిమీద మంట వెలిగించుకుని తిరగడం! 1886లో పేటెంటు తీసుకున్న బెంజ్ మూడు చక్రాల బండిలో బ్యాటరీ, కాయిల్ ఉండేవి. బ్యాటరీ త్వరగా అయిపోయేది. బ్యాటరీ అక్కర్లేకుండా, ఇంజను తిరుగుడుతోనే కరెంటు పుట్టించే మాగ్నెటోని 1897లో బాష్ కంపెనీ బండికి అమర్చింది. 1902లో ఆ కంపెనీలోనే పనిచేసే హోనోల్డ్ అనే ఇంజనీరు హైవోల్టేజి మాగ్నెటో, స్పార్క్ ప్లగ్గు కలిపి తయారుచేశాడు.

అప్పటికి కూడా వేళ చూసుకోవలసింది డ్రైవరే. ఫోర్డ్ మోడల్ టీలో, అంటే 1908 నుంచి 1927 దాకా వచ్చిన బండిలో, స్టీరింగ్ కింద ఎడమపక్క ఒక చిన్న లీవరు ఉండేది. స్టార్ట్ చేసేముందు దాన్ని వెనక్కి జరపాలి, వేగం పెరిగాక ముందుకి జరపాలి. మరిచిపోయి హ్యాండిల్ కొడితే అది వెనక్కి తిరిగి మణికట్టు విరిచేసేది.

అమెరికాలో దీనిమీద ఒక కథ ప్రచారంలో ఉంది. బైరన్ కార్టర్ అనే కార్ల తయారీదారు 1910 చలికాలంలో వంతెన మీద ఆగిపోయిన ఒకావిడ కారుకి హ్యాండిల్ కొట్టబోతే అది ఎదురుతన్ని దవడ విరిగి చనిపోయాడనీ, ఆ బాధతోనే ఆయన మిత్రుడు, కాడిలాక్ అధిపతి లీలాండ్ సెల్ఫ్ స్టార్టర్ చేయించాడనీ చెబుతారు. చక్కటి కథ. కాకపోతే కార్టర్ చనిపోయింది 1908లో. మన సంఘం మిత్రులు ఇలాంటి కథ కనపడితే తేదీలు చూసుకునే అలవాటు చేసుకోవాలి, మనకి అనుకూలమైన కథలైనా సరే.

సెల్ఫ్ స్టార్టర్ మాత్రం నిజం, 1912 కాడిలాక్‌లో వచ్చింది. చేసినవాడు చార్లెస్ కెటరింగ్. అంతకుముందు దుకాణాల్లో వాడే క్యాష్ రిజిస్టరుకి కరెంటు మోటారు పెట్టినవాడు. డేటన్ ఊళ్ళో ఒక మిత్రుడి పశువుల కొట్టంలో కూర్చుని అతను చేసిన బ్యాటరీ ఇగ్నిషన్ 1910 మోడల్ కాడిలాక్‌లో వచ్చింది. ఒక కాయిలు, ఒక జత పాయింట్లు, పంచిపెట్టే రోటర్. అంతే. అతని కంపెనీ పేరు డెల్కో. ఇరాన్‌లోనూ స్పెయిన్‌లోనూ డిస్ట్రిబ్యూటర్‌ని ఈనాటికీ డెల్కో అనే అంటారు. పోనుపోను అందులోనే స్ప్రింగులకి కట్టిన రెండు చిన్న బరువులు, ఒక వాక్యూమ్ డబ్బా వచ్చి చేరాయి. వేగం పెరిగితే బరువులు విచ్చుకుని రవ్వని ముందుకి జరుపుతాయి. డ్రైవరు చేతిలో లీవరు పోయింది.

ఇక భిలాయికి వద్దాం. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసుని ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మనవాళ్ళు రాయపూర్ రైలెక్కి పనికోసం వచ్చేశారు. అలా వచ్చినవాళ్ళలో మా నాన్నగారొకరు, కోక్ ఓవెన్స్‌లో పని. ఆయన వెనకాలే మా చిన్నాన్న వచ్చాడు. చిన్నాన్నకి ప్లాంటులో ఉద్యోగం దొరకలేదు. పవర్ హౌస్ దగ్గర టాక్సీ నడిపేవాడు. పాత మార్క్ టూ అంబాసిడర్.

అంబాసిడర్ అంటే ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ బండే. ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు 2014 దాకా చేశారు. అందులోని 1489 సీసీ ఇంజనూ ఇంగ్లండుదే. డిస్ట్రిబ్యూటర్ లూకాస్ డిజైను. 1961లో లూకాస్, టీవీఎస్ కలిసి మద్రాసులో కంపెనీ పెట్టాక ఇలాంటి సామాన్లు పాడిలోనే తయారయ్యేవి. అదలా తిరిగి తిరిగి భిలాయిలో మా క్వార్టరు ముందు వేపచెట్టు కిందికి చేరింది.

1984 మే నెల. నేను పాలిటెక్నిక్ చదువుతున్నాను, సెలవులకి ఇంటికొచ్చాను. అప్పటికే కోవూర్ రచనలు చదివి ఉన్నాను. లక్ష రూపాయల సవాలు గురించి కనపడినవాళ్ళకల్లా చెప్పేవాణ్ణి. ఇంట్లో మా అమ్మ దీపం పెడుతుంటే వెటకారం చేసేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అది వేరే సంగతి.

చిన్నాన్న మధ్యాహ్నం పడుకున్నాడు. కాలేజీ లైబ్రరీ నుంచి తెచ్చిన ఇంగ్లీషు మాన్యువల్ నా చేతిలో ఉంది. పాయింట్లు శుభ్రం చేసి పదిహేను థౌ గ్యాపు పెడదామని బానెట్ ఎత్తాను. అక్కడితో ఆగితే బాగుండేది. డిస్ట్రిబ్యూటర్ పట్టుకునే ప్లేటు స్క్రూలు విప్పి మొత్తం బయటికి లాగాను. దాని అడుగున ఒక నాలుక ఉంటుంది. అది ఇంజన్లో ఉండే ఒక చిన్న ఇరుసు తలమీది గాడిలో కూర్చుంటుంది. ఆ గాడి సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక పక్కకి ఉంటుంది. కాబట్టి డిస్ట్రిబ్యూటర్‌ని తలకిందులుగా తిప్పి పెట్టినా కూర్చోదు. ఎవడో తొందరపాటుగాడు వస్తాడని ముందే ఊహించి చేసిన ఏర్పాటు అది. కానీ వాళ్ళు నా అంత తొందరపాటుగాణ్ణి ఊహించలేదు. ఆ ఇరుసు కింద పళ్ళ చక్రం ఎలా ఉంటుందో చూడాలని, దాని నెత్తిన బోల్టు బిగించి ఇరుసుని కూడా పైకి లాగేశాను. లాగి, ఆ కన్నంలోంచి చూస్తూ హ్యాండిల్‌తో ఇంజను తిప్పాను. లోపల క్యామ్ షాఫ్టు తిరుగుతుంటే ఎంత ముచ్చటేసిందో!

మళ్ళీ పెట్టేటప్పుడు మాన్యువల్ చూశాను. మొదటి పిస్టన్ని కంప్రెషన్ స్ట్రోక్‌లో పైకి తెమ్మని రాసి ఉంది. ఆ "కంప్రెషన్" అన్నమాట నా కంటికి ఆనలేదు. పుల్లీ మీది గంటుని సూచిక దగ్గరికి తెచ్చాను. గాడి అడ్డంగా, కొంచెం వాలుగా పెట్టి ఇరుసుని దింపాను. అది పళ్ళలో దిగుతూ తిరిగి, పుస్తకంలో చెప్పినట్టే గడియారంలో రెండు గంటల వైపుకి వచ్చి ఆగింది. గాడి సరిపోయింది, గంటు సరిపోయింది, డిస్ట్రిబ్యూటర్ చక్కగా కూర్చుంది. అన్ని గుర్తులూ కలిశాయి.

తప్పెక్కడో మీకీపాటికి తట్టి ఉంటుంది. రెండు చుట్లకి పిస్టన్ రెండుసార్లు పైకొస్తుంది. ఒకసారి మిశ్రమాన్ని నొక్కుతూ, ఇంకోసారి పొగని నెడుతూ. పుల్లీ మీది గంటు రెండుసార్లూ ఒకే చోటికి వస్తుంది. నేను రెండోదాన్ని పట్టుకున్నాను. డిస్ట్రిబ్యూటర్ సరిగ్గా 180 డిగ్రీలు తప్పింది. రవ్వ పడాల్సిన సిలిండర్లో పడకుండా, పొగ వెళ్ళిపోయి కొత్త మిశ్రమం అప్పుడప్పుడే వస్తున్న సిలిండర్లో పడుతుందన్నమాట.

సాయంత్రం చిన్నాన్న బండి తీయబోయాడు. మర్నాడు పెళ్ళివారి బేరం, దుర్గ్ వెళ్ళాలి. సెల్ఫ్ తిరుగుతోంది, బండి కదలటం లేదు. "ఏటైందిరా బండికి? పొద్దున్న బాగానే ఉంది కదా" అన్నాడు. నేను మాట్లాడలేదు. బ్యాటరీ నీరసపడింది. వీధిలో నలుగురు కలిసి తోశారు. సరిగ్గా అప్పుడే ఆకుకూరలమ్మే ముసలమ్మ ఎదురొచ్చింది. చుట్టుపక్కల పల్లె మనిషి, ఛత్తీస్‌గఢీ ఆవిడ, రోజూ గంపలో లాల్ భాజీ, చేచ్ భాజీ పెట్టుకుని మా వీధిలోకి వచ్చేది. ఆవిడ పక్కకి తప్పుకుంటుండగా కార్బ్యురేటర్ లోంచి ఢామ్మని పేలింది. బానెట్ సందుల్లోంచి మంట కనిపించింది.

పక్క క్వార్టరావిడ నోట్లోంచి ఆ మాట ముందు వచ్చింది. "చిల్లంగి." మన ఉత్తరాంధ్రవాళ్ళ మాట. వెనకాల ఉన్న హిందీ ఆవిడ "టోనహీ" అంది. రెండు భాషల్లోనూ అర్థం ఒకటే. ఆ ముసలమ్మకి భర్త లేడు, పిల్లల్లేరు, ఒక కంట్లో పువ్వు. ఇలాంటివాళ్ళ మీదికే ఆ మాట వెళుతుంది. ఎవరో గంప లాగారు. ఆకుకూరలు రోడ్డుమీద పడ్డాయి. ఆవిడ ఏడవలేదు, ఎదురు మాట్లాడలేదు. కూర్చుని ఏరుకుంది. ఒక కుర్రాడు రాయి విసిరితే మా నాన్నగారు కేకలేసి ఆపారు. అదొక్కటే ఆవేళ జరిగిన మంచిపని, అది చేసింది దీపం పెట్టే ఇంట్లోని మనిషి, కోవూర్‌ని చదివినవాడు కాదు.

కోవూర్‌ని చదివినవాడు వేపచెట్టు కింద చేతులకి నల్లటి మడ్డితో నిలబడి ఉన్నాడు. "బండి విప్పింది నేను" అన్న మూడు ముక్కలు చాలు. అనలేదు. నా తప్పు ఎక్కడుందో అప్పటికి నాకు తెలియదు, నిజమే. కానీ తప్పు నా చేతిలో ఉందని తెలుసు. చిన్నాన్న తంతాడని భయం, ఇంజనీరు కాబోయేవాణ్ణని పరువు. దుర్గ్ బేరం పోయింది. రెండో రోజు కొబ్బరికాయ, నిమ్మకాయలు, మిరపకాయలు అయ్యాయి. ఆ సాయంత్రం ఒక బైగాని తీసుకొచ్చారు. భూతవైద్యుడన్నమాట. అతను బండి చుట్టూ బియ్యం జల్లి, 51 రూపాయలు పుచ్చుకుని, "ఔరత్ కీ నజర్ హై" అని తేల్చి వెళ్ళాడు. చూశారా, మొదటి రోజు అనుమానం రెండో రోజుకి రుజువైపోయింది. దానికి కొత్తగా దొరికిన సాక్ష్యం ఏమీ లేదు, నా మౌనం తప్ప.

మూడో రోజు పొద్దున్న పవర్ హౌస్ నుంచి ఉస్తాద్ వచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి. చదువు లేదు. షెడ్డులో పొద్దున్నే అగరొత్తి వెలిగించనిదే పానా పట్టడు, ఏటా సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకి పనిముట్లన్నిటికీ బొట్లు పెడతాడు. బియ్యం గింజలు చూశాడు, ఏమీ అనలేదు. కార్బ్యురేటర్ మూతిదగ్గర మసి వేలితో తీసి వాసన చూశాడు. మొదటి సిలిండర్ ప్లగ్గు విప్పి, ఆ కన్నం మీద బొటనవేలు అదిమిపెట్టి, నన్ను హ్యాండిల్ తిప్పమన్నాడు. "ధీరే."

తిప్పాను. గాలి అతని బొటనవేలిని తన్ని 'ఫుస్స్' మంది. "రుక్." గంటు సూచిక దగ్గర ఉంది. టోపీ ఎత్తి రోటర్ చూశాడు. అది నాలుగో వైరు వైపు చూస్తోంది. మరో చుట్టు తిప్పించాడు. గంటు మళ్ళీ అక్కడికే వచ్చింది. ఈసారి వేలికింద గాలి లేదు. రోటర్ ఒకటో వైరు వైపు చూస్తోంది. అతను నా మొహంలోకి చూసి మెల్లగా, చిన్నాన్నకి వినపడకుండా, "బేటా, యే కిస్ కా హాథ్ హై?" అన్నాడు.

"మేరా" అన్నాను. రెండు రోజుల తర్వాత నోరు పెగిలింది, అదీ ఒక్కడికి.

తిట్టలేదు. ఇరుసు పైకి తీసి, సగం చుట్టు తిప్పి, మళ్ళీ దించాడు. డిస్ట్రిబ్యూటర్ పెట్టి, పాయింట్లు విడిపోయే చోటు చూసుకుని, బిగించాడు. టీ చల్లారేలోపు పనైపోయింది. మొదటి సెల్ఫ్‌కే ఇంజను అందుకుంది.

వీధంతా చప్పట్లు. బైగా పూజ పనిచేసిందన్నారు! నేను నిమ్మకాయల దండ పీకెయ్యబోతే ఉస్తాద్ చెయ్యి పట్టుకున్నాడు. "రహనే దో. పహలే ఉస్ బుఢియా కా నామ్ సాఫ్ కరో" అన్నాడు. దండ ఉండనీ, ముందు ఆ ముసలామె మీద పడ్డ మాట పోగొట్టు అని. నేను తలూపాను. ఆవేళా చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు. తర్వాత సెలవులు అయిపోయాయి. ఆవిడ మళ్ళీ మా వీధికి రాలేదు. మా అమ్మ ఆకుకూరలకి సుపేలా బజారుకి వెళ్ళడం మొదలుపెట్టింది.

2005లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం టోనహీ వేధింపుల నివారణ చట్టం చేసింది. ఒకరిని టోనహీ అనడం కూడా ఆ చట్టం కింద నేరమే. ఆ వార్త చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఆ చట్టం ప్రకారం నేను నేరస్థుణ్ణి కాను, ఆ మాట నేను అనలేదు. తప్పు అంతరం 180 డిగ్రీలైనా గుర్తులన్నీ ఎలా కలిశాయో, ఇదీ అలాంటిదే.

అన్నట్టు, ఆ సాఫ్ట్‌వేర్ అబ్బాయికి ఒక సంగతి చెప్పాలి. డిస్ట్రిబ్యూటర్ పోయింది గానీ దాని చిక్కు పోలేదు. ఇప్పటి ఇంజన్లలో క్రాంక్ షాఫ్టు దగ్గర సెన్సారు ఉంటుంది, కంప్యూటరు వేళ నిర్ణయిస్తుంది. క్రాంక్ సెన్సారుకి కూడా పిస్టన్ పైకొచ్చిందని తెలుస్తుంది గానీ, రెండు చుట్లలో ఇది ఏ చుట్టో తెలియదు. అందుకే క్యామ్ షాఫ్టు దగ్గర ఇంకో సెన్సారు పెడతారు. 1948లో వచ్చిన సిట్రోయెన్ టూసీవీ వాళ్ళు ఇంకో దారి పట్టారు. ఏ చుట్టయితే ఏం, రెండు సిలిండర్లలోనూ రెండుసార్లూ రవ్వ వేసేద్దాం, ఒకటి వృథా అయితే కానీ అన్నారు. డిస్ట్రిబ్యూటరే లేదు దానికి. ఉస్తాద్ బొటనవేలు మాత్రం పైసా ఖర్చు లేని క్యామ్ సెన్సారు.

కిందటేడు భిలాయి వెళ్ళాను. చిన్నాన్నకి ఎనభై దాటాయి, ఖుర్సీపార్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. నలభై ఏళ్ళ తర్వాత మొత్తం చెప్పాను. ఇరుసు లాగడం, గంటు, ఉస్తాద్, అంతా. ఆయన చాలాసేపు నవ్వాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. "ఓర్నీ, అయితే ఆ బైగాకిచ్చిన 51 రూపాయలు నువ్వే ఇవ్వాలి నాకు. వడ్డీతో" అన్నాడు.

"మరి ఆ ముసలమ్మ?" అన్నాను.

"ఏ ముసలమ్మ?" అన్నాడు.